పుస్తకంలో ఒక్కతే

మా పేట తన కాళ్ల మీద తాను నిలబడిందట. ఈ మాట మా పిల్లలకి సాయం చేసే సంస్థ నుంచి వచ్చే ఫోటో మేడం చెప్పింది. ఇక సంస్థ సాయం మాకు అక్కర్లేదని, నెలాఖర్లో సభ పెట్టి ఆఫీసు గది మా సంఘానికి అప్పగించి వెళ్లిపోతామని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే పక్కనున్న గుండీల ముసలమ్మ ఊరుకోదు, "ఏమే, చేతులు ఎవరికైనా అరువిచ్చావా?" అని అందరి ముందూ అడిగేస్తుంది.

మేము గుడ్డల వాళ్లం. జనం పారేసిన పాత బట్టలు, ఫ్యాక్టరీల్లో మిగిలిన ముక్కలు లారీల మీద మా గోడౌనుకి వస్తాయి. తెల్లవి ఒకపక్క, రంగువి ఒకపక్క, నూలు ఒకపక్క, నైలాన్ ఒకపక్క వేరు చేయాలి. గుండీలు కోయాలి, జిప్పులు పీకాలి, కుట్లు విప్పాలి. జానెడు జానెడు ముక్కలుగా కత్తిరించి మెకానిక్ షెడ్లకి తుడుపు గుడ్డలుగా అమ్మాలి. ఆ పని చేసేవాళ్ల జుట్టులో, ముక్కులో, తినే కంచంలో అంతటా దుమ్మే. గుండీల ముసలమ్మకి ఆ పేరెలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. చొక్కా చేతికిస్తే కళ్లు మూసుకుని అన్ని గుండీలూ కోసేస్తుంది, నోరు మాత్రం ఒక్క క్షణం మూయదు.

నాకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది, చిన్నది. సంస్థ పుస్తకంలో మాత్రం ఒక్కతే ఉంది. ఆ తప్పు సంస్థది కాదు, పుస్తకానిదీ కాదు. నాది.

పదకొండేళ్ల కిందట ఫోటో మేడం మెడలో కెమెరాతో మొదటిసారి మా పేటకి వచ్చింది. అప్పుడు సన్నగా రివటలా ఉండేది. ఇంటికొక బిడ్డ పేరు రాసుకుంటామని, ఆ బిడ్డ ఫోటో చూసి దూరదేశంలో ఎవరో ఒకరు ఆ బిడ్డ చదువుకీ మందులకీ సాయం చేస్తారని, ఆ సాయంతోనే పేటకంతటికీ కుళాయి, కుట్టుమిషన్ల షెడ్డు వస్తాయని చెప్పింది. చెప్పినదంతా నిజమే. కానీ మేము నమ్మితేగా! మొహమైనా చూడనివాళ్లు, ఏడు సముద్రాల అవతలివాళ్లు, మా పిల్లలకి ఊరికే ఎందుకు పెడతారు? పైగా మర్నాడు ముందుగా ఒప్పుకున్న కొన్ని ఇళ్ల పిల్లల బరువు తూచారు. నోరు తెరిపించి పళ్లు చూశారు. బూట్ల కోసమని కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీశారు.

అంతే, గుండీల ముసలమ్మ అందుకుంది. "ప్రయాణం కట్టించేవాళ్లు కాకపోతే కాలి కొలత ఎందుకే? పిల్లల్ని తీసుకుపోతారు. ఇంటికొకర్ని అన్నారు చూడు, ఉన్నవాళ్లందర్నీ పట్టుకుపోతే గొడవవుతుందని."

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం నేనది నమ్మేశాను. వద్దని చెప్పేయొచ్చుగా అంటారేమో. చెప్పొచ్చు. పక్కింటివాళ్లు చెప్పారు కూడా. కానీ మాకప్పుడు ఇంటి మీద రేకు లేదు, చిన్నదానికి దుమ్ము దగ్గు. నాలుగేళ్ల పిల్ల, దగ్గితే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఒక బిడ్డని ఇస్తే రెండో బిడ్డ బతుకుతుందేమో అనుకున్నాను. ఇచ్చిన బిడ్డ కూడా అక్కడెక్కడో కడుపు నిండా తింటుందేమో అనుకున్నాను. తల్లి మనసు ఎన్ని లెక్కలు వేస్తుందో, వేసి ఎంత సిగ్గుపడుతుందో ఎవరికి చెప్పుకోను?

ఎవర్ని ఇవ్వాలో నాకు ముందే తెలుసు. అదే నా పాపం.

పెద్దదానికి ఎనిమిదేళ్లు. నా పక్కనే కూర్చుని గుడ్డలు వేరు చేసేది. నాకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి, "నువ్వు లేవకు, నేనున్నాగా" అనేది. ఎనిమిదేళ్ల పిల్ల! అది నా బిడ్డే కాదు, నా చెయ్యి, నా కాలు, నా కబుర్ల తోడు. దాన్ని ఎవరో పట్టుకుపోతారంటే నాకు ఊపిరాడలేదు.

ఫోటోల రోజు పొద్దున్నే దాన్ని గోడౌన్లో కట్టి పేర్చిన గుడ్డల బేళ్ల వెనక కూర్చోబెట్టాను. "నేను పిలిచేదాకా కదలకు. దగ్గకు. ఎవరు పిలిచినా పలక్కు" అని చెప్పాను. ఎందుకని అడగలేదు. చిన్నదాని మొహం కడిగి, రెండు జడలు వేసి, ఎత్తుకుని వరుసలో నిలబడ్డాను. మేడం పుస్తకం తెరిచి అడిగింది.

"ఎంతమంది పిల్లలమ్మా?"

"ఒక్కతేనండి."

వేలిముద్ర వేయించుకున్నారు. చిన్నది కెమెరా చూసి నవ్వింది. దానికి రంగు పెన్సిళ్లు, బిస్కెట్ పొట్లం ఇచ్చారు. ఆ సంబరమంతా గోడౌనుకి ఇరవై అడుగుల దూరంలోనే జరిగింది.

మధ్యాహ్నం జీపు వెళ్లాక పిలిచాను. పెద్దది బేళ్ల వెనక నుంచి దుమ్ము కొట్టుకుని వచ్చింది. చెల్లి చేతిలో పెన్సిళ్లు చూసింది. "నా ఫోటో కూడా తీస్తారా అమ్మా?" అని అడిగింది. నిజం చెబితే పిల్ల నోట్లో నిలవదు, పేటంతా టాంటాం చేస్తుంది. ఏదో ఒకటి చెప్పాలి. నా నోట్లో దుమ్ము పడ, "నీ మొహం ఫోటోకి బాగుండదే" అనేశాను.

అది తల ఊపి, వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

ఎవర్నీ ఎవరూ తీసుకుపోలేదు. నెల తిరిగేసరికి డాక్టరమ్మ వచ్చింది, చిన్నదానికి మందు మొదలుపెట్టింది. పాదాల గీతలకి సరిగ్గా సరిపోయే బూట్లు వచ్చాయి. స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫారం అన్నీ వచ్చాయి. గుండీల ముసలమ్మ రెండ్రోజులు నాకు మొహం చాటేసింది. నేను ఆఫీసుకి వెళ్లి, తప్పు చెప్పానండీ, నాకింకో బిడ్డ ఉంది, అని ఒప్పుకుందామని బయల్దేరాను. సరిగ్గా ఆ రోజే అక్కడ మేడం అందరికీ షరతులు చదివి వినిపిస్తోంది. ఇంటి వివరాలు తప్పు చెప్పినట్టు తేలితే పేరు కొట్టేస్తారట. చిన్నదాని దగ్గు అప్పుడప్పుడే తగ్గుతోంది. నోరు మూసుకుని వెనక్కి తిరిగాను.

తిరిగానో లేదో, పెద్దది ఎదురుగా పరుగెత్తుకుంటూ "అమ్మా!" అని నా నడుము వాటేసుకుంది. మేడం తలెత్తి చూసింది.

"మా ఆడపడుచు కూతురండి. తల్లి పోయింది. మా దగ్గరే ఉంటుంది. నన్నే అమ్మా అంటుంది" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, వరసగా వచ్చేసింది.

సాయంత్రం మా ఆయనకి చెబితే తల పట్టుకున్నాడు. "నాకు చెల్లెలే లేదు కదే! లేనిదాన్ని పుట్టించి, పెళ్లి చేసి, ఒక బిడ్డకి తల్లిని చేసి, చంపేశావు కూడా. అదీ ఒక్క పూటలో!" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పెద్దదాన్ని కూర్చోబెట్టి చెప్పాను. "అస్తమానం అమ్మా అంటుంటే మేడానికి అనుమానమొస్తుంది. ఇకనుంచి నన్ను అత్తయ్యా అనాలి. నాన్నని మామయ్యా అనాలి. ఇంట్లో కూడా అలాగే పిలువు. అలవాటు తప్పితే బయట నోరు జారుతుంది, చెల్లికి మందులాగిపోతాయి."

"ఎన్నాళ్లు?"

"కొన్నాళ్లే."

అది ఒక్కరోజు కూడా నోరు జారలేదు. జారితే బాగుండునని నేనే ఎన్నోసార్లు ఎదురుచూశాను. జ్వరంలో కలవరించినప్పుడు కూడా అత్తయ్యా అనే అంది. చిన్నది దాన్ని వదినా అని పిలవడం నేర్చుకుంది. సొంత అక్కే అని దానికి తెలుసు, పేటలో అందరికీ తెలుసు. ఒక్కరు కూడా బయటపెట్టలేదు. మా వాళ్లు నోటి దురుసు మనుషులే గానీ, బిడ్డ నోటి దగ్గర కూడు తీసే రకం కాదు.

మా ఆయన నడుము బేళ్లు మోసి మోసి పట్టేసింది. దాంతో పెద్దది మూడో తరగతితో బడి మానేసి పూర్తిగా గోడౌన్లో కూర్చుంది. చిన్నదానికి సాయం చేసే పెద్దాయన దూరదేశం నుంచి ఉత్తరాలు రాసేవాడు, సంస్థవాళ్లు వాటిని తెలుగులోకి మార్చి ఇచ్చేవాళ్లు. మేమాయన్ని ఉత్తరాల తాత అనేవాళ్లం. చిన్నదానికి ఇంకా అక్షరాలు రాని రోజుల్లో జవాబులు పెద్దదే రాసేది. ఒక ఉత్తరంలో ఆయన, నీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా అని అడిగాడు. పెద్దది చదివి నా వైపు చూసింది. నేను స్టవ్ వైపు తిరిగాను. అది కాగితం మీద వంగి, "లేరు" అని రాసింది. ఆ తర్వాతి వాక్యంలో, "కానీ నాకు చాలామంది స్నేహితులున్నారు" అని రాసింది, ఆ తాత బాధపడకుండా.

ఏటేటా మేడం కెమెరాతో వచ్చేది. పేట పిల్లలంతా గుంపుగా నిలబడి ఫోటో దిగితే పెద్దది ఏదో పని కల్పించుకుని లోపలికి వెళ్లిపోయేది. పద్నాలుగేళ్లకి కుట్టుమిషను నేర్చింది. నేర్చుకున్నాక కుదురుగా ఉంటుందా? తుడుపు గుడ్డలకి పనికిరాని రంగు ముక్కలన్నీ ఏరి, లోపల గట్టి గుడ్డ వేసి, స్కూలు సంచీ కుట్టింది. ముందు చెల్లికి. అది చూసి స్కూల్లో పిల్లలు అడిగారు, తర్వాత టీచర్లు అడిగారు, తర్వాత బజార్లో కొట్లవాళ్లు అడిగారు. ఇప్పుడు షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్లు కుడతారు. అందరికీ నేర్పింది అదే. అరవై దాటిన గుండీల ముసలమ్మని కూడా జిప్పులు పీకడం మాన్పించి, జిప్పులు కుట్టడంలో పెట్టింది. మా పేట కాళ్ల మీద నిలబడిందంటే, ఆ కాళ్లు ఎవరివో నాకు తెలుసు.

సభ రోజు షెడ్డు నిండిపోయింది. పెద్దాఫీసు నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. పది పాసైన పిల్లలకి సంస్థ ఆఖరి సాయం ప్రకటించింది, మూడేళ్లు పై చదువు. చిన్నదానికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. సభ అవగానే ఇంటి వివరాల ఫారం మీద సంతకం పెట్టాలి, దాంతో మాకూ సంస్థకీ రుణం తీరిపోతుంది. ఫోటో మేడం జుట్టు ఇప్పుడు సగం నెరిసింది. పెద్దదాన్ని చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చింది.

"మా పుస్తకాల్లో ఈ అమ్మాయి పేరు లేదు. ఈమెకి మేమేం చేయలేదు. కానీ మేము చేయాలనుకున్నదంతా ఈమె చేసింది" అంది.

అధికారుల్లో ఒకాయన కూర్చున్నచోటు నుంచే అడిగాడు. "నీ తల్లిదండ్రులు వచ్చారామ్మా?"

పెద్దది నా వైపు చూడలేదు. మామూలుగా, బజార్లో సంచీ ధర చెప్పినట్టు చెప్పింది.

"లేరండి."

నేనక్కడే ఉన్నాను. రెండో వరసలో. మా ఆయన నా పక్కనే కర్ర పట్టుకుని కూర్చున్నాడు. దాని గొంతు నా గొంతే, దాని నుదురు మా ఆయన నుదురే. లేరట! పదకొండేళ్లు కడుపులో దాచుకున్నది ఒక్కసారిగా ఎగదన్నింది. సీటు గుర్తులేదు, ఫారం గుర్తులేదు. లేచి నిలబడ్డాను.

"నేను బతికే ఉన్నానే! నేనే దాని అమ్మనండీ! నేను కన్నాను దాన్ని!"

అధికారి మేడం వైపు చూశాడు. మేడం చేతిలో ఫారాల కట్ట ఉంది. అందరికంటే ముందు మాట్లాడింది పెద్దదే. నవ్వుతూ, కళ్లల్లో చుక్కనీరు లేకుండా మాట్లాడింది.

"మా అత్తయ్యకి నేనంటే ప్రాణమండి. అమ్మ పోయినప్పటి నుంచి కన్నకూతురిలా పెంచింది. ఎవరైనా నాకు అమ్మ లేదంటే ఒప్పుకోదు, ఇలాగే గొడవపెట్టుకుంటుంది."

ఎక్కడినుంచో చప్పట్లు మొదలయ్యాయి. చూస్తే గుండీల ముసలమ్మ. ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, చేతులు విరిగేలా కొడుతోంది. తర్వాత పక్కింటావిడ కొట్టింది. తర్వాత పేట పేటంతా. వాళ్లందరికీ నిజం తెలుసు. తెలిసే, అధికారికి ఇంకో మాట అడిగే సందు లేకుండా కొట్టారు. మా ఆయన నా చెయ్యి పట్టి కిందికి లాగాడు.

సభ అయ్యాక మేడం ఫారం నా ముందు పెట్టింది. అప్పుడైతే వేలిముద్ర, ఏం రాసుందో తెలియదు. ఇప్పుడు సంఘం బళ్లో చదువు నేర్చుకున్నాను, ప్రతి ముక్కా చదవగలను. పిల్లల సంఖ్య అని ఉంది, పక్కన ఒకటి అని ఉంది. మేడం నా మొహం చూసింది, వెనకే నిలబడ్డ పెద్దదాని మొహం చూసింది. ఆమెకి అర్థమైంది. అర్థమయ్యే, "ఇక్కడ పెట్టమ్మా" అని వేలితో చోటు చూపించింది. నేను చదివి, తెలిసి, నా చేత్తో నేనే సంతకం పెట్టాను.

ఇంటికొచ్చాక చిన్నది సీటు కాగితం చూపించడానికి స్నేహితుల ఇళ్లకి పరుగెత్తింది. మా ఆయన గుమ్మం బయట అరుగు మీద కూలబడ్డాడు. లోపల నేను, పెద్దది. ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. అది చెంబుతో నీళ్లిచ్చి, "తాగు అత్తయ్యా, గొంతు పోయి ఉంటుంది అరిచి అరిచి" అని ఎగతాళి చేసింది.

"అయిపోయింది కదే. వాళ్లు వెళ్లిపోయారు, ఇంకెవరూ రారు. అమ్మా అని పిలువే ఒక్కసారి" అన్నాను. బతిమాలాను. కూతుర్ని అలా బతిమాలే రోజు ఏ తల్లికీ రాకూడదు.

అది నా ఎదురుగా కూర్చుంది. "ముందు నాకొకటి చెప్పు. ఆ రోజు బేళ్ల వెనక ఎందుకు దాచావు? నిజంగా నా మొహం బాగుండదనేనా?"

పంతొమ్మిదేళ్ల పిల్ల, ముప్పైమందికి పని నేర్పిన పిల్ల, ఎనిమిదేళ్ల గొంతుతో అడిగింది. ఇన్నేళ్లూ అది ఆ మాటని మోస్తూనే ఉంది. ఇక దాచలేకపోయాను.

"కాదే నా తల్లీ! నిన్ను తీసుకుపోతారనుకున్నాను. నువ్వు లేకపోతే నేను బతకలేననుకున్నాను. అందుకే దాచాను. నా బంగారం, నీ మొహానికేమే!"

దాని మొహం విచ్చుకుంది. ఆ మొహాన్ని నేను చచ్చేదాకా మరచిపోను. "అందుకా?" అంది. "నేను కావాలనా?" అంది. నవ్వింది, ఏడ్చింది, నా ఒళ్లో తల పెట్టుకుంది. నేను దాని జుట్టు నిమురుతూ కూర్చున్నాను. ఇక చాలు, ఇప్పుడు ప్రాణం పోయినా చాలు అనుకున్నాను.

కాసేపటికి దాని ఏడుపు ఆగింది. మెల్లగా తలెత్తింది.

"మరి చెల్లి?"

నేను చెంబు కోసం చెయ్యి చాపాను.

"తీసుకుపోతారని నమ్మావు కదా. నమ్మే, చెల్లిని ఎత్తుకుని వెళ్లి వరసలో నిలబడ్డావా?"

"దానికి దగ్గు... అక్కడైతే మందు దొరుకుతుందని... బతుకుతుందని..." అన్నాను. అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. పెద్దది నన్ను పుట్టినప్పటి నుంచీ చూస్తోంది, దాని ముందు నా మాటలు నిలవవు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టుకుని, ఎవరు లేకపోయినా పరవాలేదో నేను ఎంచాను. అంతే. దానికి ఇంకో పేరు లేదు.

బయట చిన్నదాని అరుపు వినిపించింది. "నాన్నా, స్వీట్లు తెచ్చా!" అంటూ వస్తోంది.

పెద్దది గబగబా నా కళ్లు తుడిచింది, తర్వాత తన కళ్లు తుడుచుకుంది. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఇది మాత్రం చెల్లికి ఎప్పుడూ చెప్పకు. ఎప్పుడైనా అడిగిందనుకో, నా మొహం ఫోటోకి బాగుండదని దాచావని చెప్పు. నేనూ అదే చెప్తాను. సరేనా, అమ్మా?"

సరే అన్నాను.